ఊపిరి వరుస

గుర్వమ్మ ఆ మాట ఒక్కరోజు ముందు అన్నా, ఒక్కరోజు తర్వాత అన్నా మల్లికకు ఇంత కష్టం వచ్చేది కాదు. సరిగ్గా విచారణకు బయల్దేరబోతుండగా అంది.

అప్పుడు మల్లిక తల్లి సుక్కమ్మ మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఆమెకు ఊపిరాడదు. పక్కింటి గుర్వమ్మ ఆమె వీపుకు వేడి ఆముదం రాస్తోంది. వాకిట్లో జామచెట్టు ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. గుట్ట పక్కన రఘుపతి క్రషర్ రాయిని నమిలే చప్పుడుకు ఇంట్లో గిన్నెలు సన్నగా అదురుతున్నాయి.

"జర ఓర్చుకో అక్కా," అంది గుర్వమ్మ. "జిన్నింగ్ మిల్లుల ఉన్నప్పుడు నాకు గూడ గిట్లనే పట్టుకునేది. పత్తి దుమ్ము గొంతుల కూసునేది. ఆముదం రాస్తే జర నయమయ్యేది."

మల్లిక చేతిలో ఉన్న సంచిని కింద పెట్టింది.

"ఏ మిల్లు చిన్నమ్మా?"

"గదే, జడ్చర్ల కాడ. మీ చిన్నాయిన, నేను పోతిమి గదా పనికి."

"ఎన్నేండ్లున్నరు అక్కడ?"

"ఉన్నదేంది బిడ్డా, పనికి పోయినం. చానేండ్లే పోయినం. మీ చిన్నాయిన సచ్చిపోయినంక పోయినేడు ఇంటికొచ్చిన."

"మరి నేనడిగితే లగ్గమైనకాంచి ఈ ఊర్లనే ఉన్ననంటివి?"

గుర్వమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "ఈ ఊరు గాక నాకింకో ఊరున్నదా? ఇల్లు ఈడ, ఓటు ఈడ. పనికి పోతే ఊరు ఇడిసినట్టా?"

ఆమె మాటలో అబద్ధం లేదు. వలస పోయి వచ్చినవాళ్లను ఎవరిని అడిగినా అదే జవాబు. పనికి పోయిన చోట ఎన్నేళ్లు బతికినా అది పని జాగానే, ఊరు కాదు. ఈ కాలనీలో పుట్టి పెరిగిన మల్లికకు ఆ సంగతి తెలియనిది కాదు. తెలిసి కూడా, ఊరి బిడ్డలా కాక, తను పనిచేసే నల్గొండ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ మేడంలా ప్రశ్న అడిగింది. జవాబు రాసుకుంది. ఇంకో మాట అడగలేదు.

మేళ్లచెరువు దాటాక సున్నపురాయి గుట్టల మధ్య ఉండే ఆ కాలనీ బతుకంతా ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. రఘుపతి తన క్రషర్ పక్కనే రెండో మిషన్ పెట్టుకుంటానని దరఖాస్తు పెట్టాడు. రెండోదాని సంగతి తర్వాత, ఉన్నదానికే రేకుల షెడ్డు కట్టి నీళ్లు చల్లే పైపులు వేసేదాకా దాన్ని ఆపాలని కాలనీవాళ్లు అర్జీ పెట్టారు. విచారణకు వచ్చిన అధికారి తాహేరా అర్జీ చదివి ఒకటే మాట అంది: "దగ్గు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. మీ దగ్గు క్రషర్ వల్లేనని రుజువేది?"

రుజువు తెచ్చే పని మల్లిక తన మీద వేసుకుంది. తల్లి కోసమే వేసుకుంది. దుమ్ము ఆగితే ఇంకొన్నేళ్లు గడుస్తాయని, ఆగకపోతే ఏమీ చెప్పలేనని నల్గొండ డాక్టరు ముఖం మీదే చెప్పాడు. నల్గొండ వచ్చి తన దగ్గర ఉండమని మల్లిక ఎన్నిసార్లు బతిమాలినా సుక్కమ్మ కదల్లేదు. భర్త సాల్మన్ సమాధి ఇక్కడ చర్చి వెనకాల ఉంది. పక్కన తనకు జాగా ఉంచుకుంది.

రుజువు కోసం మల్లిక చేసిన పని చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. బలంగా ఊదితే ముల్లు జరిగి ఊపిరి ఎంత ఉందో చూపించే గొట్టం ఒకటి అడిగి తెచ్చింది. క్రషర్‌లో కూలి చేసేవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు పని పోతుందని దాన్ని ముట్టుకోలేదు. మిగిలినవాళ్ల పేర్లు చీటీలు వేసి నలుగురిని తీసింది. గాలి వాలు లేని వైపు, దుమ్ము చేరని వాగొడ్డుపల్లిలో అలాగే నలుగురిని తీసింది. అందరిదీ దగ్గర దగ్గర ఒకే వయసు, అందరిదీ పత్తి, మిరప కూలి పనే. చుట్ట తాగే అవ్వలను కలపలేదు. తన తల్లి పేరు చీటీల్లో వెయ్యనే లేదు. కూతురు తల్లి కోసం లెక్క వండిందని రేపు ఎవరూ అనకూడదు.

ఎనిమిది మంది ఊదారు. బూర ఊదినట్టుందని నవ్వుకుంటూ ఊదారు. ఎవరి అంకె ఎంత అన్నది మల్లిక పట్టించుకోలేదు. తక్కువ ఊపిరి కింద, ఎక్కువ ఊపిరి పైన వచ్చేలా ఎనిమిది పేర్లను వరుసగా పేర్చింది. కింది నుంచి మొదటి ముగ్గురూ కాలనీవాళ్లే. నాలుగో మనిషి వాగొడ్డుపల్లి. ఐదో మనిషి మళ్లీ కాలనీ. పైన మిగిలినవాళ్లంతా వాగొడ్డుపల్లి.

దుమ్ముతో ఏ తేడా లేకపోతే ఈ వరుస చీటీలు కలిపి తీసినట్టు ఎలా పడితే అలా రావాలి. ఎనిమిది స్థానాల్లో నలుగురు కూర్చోగల రకాలు డెబ్బై. ఆ డెబ్బైలో కాలనీకి ఇంత అధ్వాన్నంగా, లేదా ఇంతకన్నా అధ్వాన్నంగా వచ్చేవి రెండే రెండు. అంటే ముప్పై ఐదింట ఒకసారి. ఇరవైలో ఒకటి కన్నా అరుదుగా వస్తేనే దాన్ని అదృష్టం ఆట కాదని నమ్మాలని, గొట్టం చేతపట్టక ముందే అర్జీలో తన చేత్తో రాసి ఇచ్చింది. గీత తనే గీసుకుంది. గీత దాటి నిలిచింది.

ఇప్పుడు ఆ వరుసలో అందరికన్నా కింద ఉన్న మనిషి గుర్వమ్మ.

ఆమె ఊపిరిని పత్తి దుమ్ము తిన్నదో, రాతి దుమ్ము తిన్నదో చెప్పే దారి లేదు. కాలనీ వైపు ఉంచడం తప్పు, అటు వైపు వెయ్యడమూ తప్పు. తీసెయ్యాలి. తీసేస్తే మిగిలేది ఏడుగురు. ముగ్గురు ఇటు, నలుగురు అటు. మల్లిక మనసులోనే వేసుకుంది. ఏడు స్థానాల్లో ముగ్గురు కూర్చోగల రకాలు ముప్పై ఐదు. అధ్వాన్నమైనవి మాత్రం అప్పుడూ రెండే. ముప్పై ఐదింట రెండు. పదిహేడున్నరలో ఒకటి.

ఇరవైలో ఒకటి అన్న గీత దాటలేదు.

చెల్లెలు శ్రీదేవి లోపలి నుంచి వచ్చి అక్క ముఖం చూసి ఆగిపోయింది. కాలనీలోనే కుట్టుమిషన్ పెట్టుకుని తల్లిని చూసుకునేది ఆమే. గుర్వమ్మ ఆముదం గిన్నె తీసుకుని తన ఇంటికి పోయాక మల్లిక రెండు మాటల్లో సంగతి చెప్పింది.

"గంతేనా," అంది శ్రీదేవి. "గుర్వమ్మ చిన్నమ్మ జాగల అమ్మను పెట్టు. అమ్మ యే మిల్లుకూ పోలే. లగ్గమైనకాంచి నిజంగనే ఈడనే ఉన్నది."

"అమ్మ ఊపిరి ఎంతుంటదో నాకు ముందే ఎరుకే శ్రీదేవీ. ఎరుకైనంక పేరు రాస్తే అది చీటీ తీసినట్టు గాదు."

"అమ్మ రోగం అబద్ధమా?"

"నిజమే. కానీ నాకు పనికొచ్చేదని ఏరుకున్న నిజం."

"అయితే గమ్మునుండు. ఈ సంగతి ఈ ఇంట్ల ఉన్నోళ్లకు తప్ప ఎవరికెరుక?"

సుక్కమ్మ చెయ్యెత్తింది. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ అంది: "ఆలస్యమైతాంది. పొండ్రి."

* * *

మండలాఫీసు మీటింగు హాలు నిండిపోయింది. రఘుపతి తెల్లచొక్కాలో ముందు వరుసలో కూర్చున్నాడు. మల్లికను చూసి చనువుగా పలకరించాడు.

"మంచిగున్నవా అమ్మా? సాల్మన్ బిడ్డవు నువ్వు. మీ నాయిన నా కాడ పనిచేసిండు. నీకు కాలేజీ ఫీజు తక్కువ పడితే ఇచ్చింది ఎవరో అమ్మనడుగు."

"ఎరుకే సార్," అంది మల్లిక. "మా నాయిన దగ్గి దగ్గి పోయింది గూడ ఎరుకే."

రఘుపతి హైదరాబాద్ నుంచి ప్రేమ్‌సాగర్ అనే నిపుణుణ్ణి తెచ్చుకున్నాడు. కాలుష్యం కేసుల్లో కంపెనీల తరఫున మాట్లాడే మనిషి. ఆయన సమయం వృథా చెయ్యలేదు. మల్లిక గొట్టం తీసుకుని అందరి ముందూ ఊదాడు. తన సంచిలోంచి కొత్త గొట్టం తీసి మళ్లీ ఊదాడు. రెండు అంకెలూ తాహేరాకు చూపించాడు.

"మేడం, వీళ్ల గొట్టం అరిగిపోయింది. ఉన్నదానికన్నా బాగా తక్కువ చూపిస్తోంది. ఈ అర్జీలో ఉన్న ప్రతి అంకే తప్పు."

హాల్లో గుసగుసలు లేచాయి. రఘుపతి కాలు మీద కాలు వేసుకున్నాడు. తాహేరా మల్లిక వైపు చూసింది.

"అంకెలు తప్పే కావచ్చు మేడం," అంది మల్లిక. "సార్, ఈ హాల్లో ఉన్నవాళ్లందర్నీ ఎత్తు ప్రకారం నిలబెట్టండి. మీ టేపు ప్రతి మనిషికీ జానెడు తక్కువ చూపించిందనుకోండి. ఎవరి ముందు ఎవరు నిలబడాలన్నది మారుతుందా?"

ప్రేమ్‌సాగర్ రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. డబ్బు తీసుకుని వచ్చినా పని తెలిసిన మనిషి.

"మారదు," అన్నాడు.

"నేను అంకెలు కూడలేదు, సగటు తియ్యలేదు. వరుస మాత్రమే చూశాను. ఎనిమిది మందీ ఊదింది ఆ ఒక్క గొట్టంలోనే."

తాహేరా అర్జీలో వరుస ఉన్న పేజీ తెరిచి నెమ్మదిగా చదివింది. "ముప్పై ఐదింట ఒకటి," అంది పైకే. "మీరు ముందుగా గీసుకున్న గీత ఇరవైలో ఒకటి. ప్రేమ్‌సాగర్ గారూ, ఈ పద్ధతి మీద అభ్యంతరం ఉందా?"

"పద్ధతి మీద లేదు మేడం."

రఘుపతి కాలు కిందికి దించాడు. తాహేరా కలం మూత తీసింది. షెడ్డు కట్టేదాకా క్రషర్ ఆపమని రాయబోతోందని హాల్లో ప్రతి మనిషికీ అర్థమైంది. శ్రీదేవి వెనక వరుసలోంచి అక్కనే చూస్తోంది. ముందు బెంచీ మీద గుర్వమ్మ, తన ఊపిరి ఊరికి పనికొచ్చిందని, ధీమాగా కూర్చుంది.

నోరు విప్పకపోతే చాలు. ఈ సాయంత్రమే ఆ చప్పుడు ఆగిపోతుంది. రేపటి నుంచి అమ్మ మామూలు గాలి పీల్చుకుంటుంది.

మల్లిక లేచింది. "మేడం, రాసే ముందు ఒక్క మాట. ఒక పేరు తీసెయ్యాలి."

చెప్పింది. గుర్వమ్మను తప్పు పట్టకుండా, ప్రశ్న తప్పుగా అడిగింది తానేనని చెప్పింది. ఏడుగురితో లెక్క మళ్లీ వేసి, గీత దాటలేదని చెప్పింది. వెనకాల కుర్చీ జరిపిన చప్పుడైంది. శ్రీదేవి బయటికి వెళ్లిపోయింది.

రఘుపతి నవ్వాడు. "ఇంకేంది మేడం. క్రషర్ తప్పేం లేదని వాళ్ల లెక్కే చెప్పె."

"అట్లా చెప్పలేదు సార్," అంది మల్లిక. "ఏడుగురిని చూస్తే తేలలేదని చెప్పింది. తేలకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఇంకా ఎక్కువమందిని చూడాలి."

తాహేరా కలం మూత పెట్టేసింది. వరుస ఉన్న పేజీ ఇంకోసారి చూసి అంది: "చూద్దాం. ఇటు పదిమంది, అటు పదిమంది. ప్రభుత్వ డాక్టరు, కొత్త గొట్టం. మల్లిక గారు గొట్టం ముట్టుకోరు. చీటీలు ఇప్పుడే, ఇక్కడే తీస్తాం. డాక్టరు గారికి వీలయ్యేది మూడు వారాలకు. అప్పటిదాకా రెండో మిషన్ రాదు. ఉన్నది నడుస్తుంది. రుజువు లేకుండా నేను ఆపలేను."

చీటీల్లో ఎవరిని వెయ్యాలన్న దగ్గర మల్లిక ఒకటి అడిగింది. ఏ ఊరు అని కాకుండా, ఏ వానకాలం ఏ ఇంట్ల పండుకున్నవని అడగాలంది. తాహేరా రాసుకుంది.

"మీ అమ్మగారి పేరు కూడా వెయ్యాలి," అంది. "ఆవిడను పక్కన పెట్టడానికి మీకేం హక్కుంది?"

మల్లిక ఒక చీటీ మీద తల్లి పేరు రాసి ఇచ్చింది.

ప్రేమ్‌సాగర్ ఇంకో ప్రశ్న లేవదీశాడు. "చీటీ వచ్చినవాళ్లు ఆ రోజుకు ఊదలేకపోతే? తీసేద్దామా?"

"తీసేస్తే బాగా చెడిపోయిన ఊపిరే లెక్కలోంచి జారిపోతుంది," అంది మల్లిక. "కారణం ఏదైనా, ఏ ఊరివాళ్లయినా, ఊదలేనివాళ్లకు అందరికన్నా కింది స్థానం. అది ఇప్పుడే రాసి పెట్టండి."

"న్యాయమే," అన్నాడు ప్రేమ్‌సాగర్. రఘుపతి ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు.

స్టీలు బిందెలో చీటీలు కలిపి తాహేరా ఒక్కొక్కటే తీసి చదివింది. కాలనీ చీటీల్లో సుక్కమ్మ పేరు వచ్చింది.

* * *

ఆటోలో శ్రీదేవి అక్క పక్కన కాక డ్రైవరు పక్కన కూర్చుంది. ఇల్లు రాగానే శ్రీదేవి అంది: "అమ్మకు నువ్వే చెప్పు. మిషన్ ఇంకా నడుస్తదని."

సుక్కమ్మ అంతా విని, "నా చీటీ వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందంటే, "అయితే మంచిగ ఊదాలె," అంది.

ఎంత తక్కువ ఊదితే కాలనీకి అంత లాభమని మల్లిక ఆమెకు చెప్పలేదు. చెప్పినా ఆమె వినేది కాదు. పరీక్ష అంటే బాగా చెయ్యాలన్నదే ఆమెకు తెలిసింది. అగ్గిపుల్ల గీసి ఎదురుగా పట్టుకోమని రోజూ శ్రీదేవికి చెప్పేది. ఊది ఆర్పేది. ఆరితే నవ్వేది. ఆరలేదని ఒకరోజు, ఇంకా దగ్గరగా పట్టుకున్నానని ఇంకోరోజు నల్గొండలో ఉన్న అక్కకు శ్రీదేవి ఫోన్‌లో చెప్పింది. ఆ తర్వాత అగ్గిపుల్లల మాట ఎత్తలేదు.

మూడో వారంలో పరిస్థితి చెయ్యిదాటింది. మల్లిక వచ్చి తల్లిని నల్గొండ దవాఖానకు తీసుకుపోయింది. ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. తెల్లవారేసరికి సుక్కమ్మ పోయింది.

సాల్మన్ పక్కన ఉంచుకున్న జాగాలో ఆమెను పెట్టారు. పాస్టరు ప్రార్థన చేస్తున్నంతసేపూ గుట్ట మీది చప్పుడు ఆగలేదు. కొత్త సమాధి మీది ఎర్రమట్టి, అందరూ ఇంటికి పోయేలోపే తెల్లబడింది.

"గా దినం నువ్వు నోరు మూసుకుని ఉంటే మిషన్ ఆగుతుండె," అంది శ్రీదేవి. గొంతు పెంచలేదు. "అమ్మ ఉంటుండె."

ఉండేదేమో. ఉండేది కాదేమో. పదిమంది మీద చెప్పగలదు, వందమంది మీద ఇంకా గట్టిగా చెప్పగలదు. ఒక్క మనిషి మీద ఏ లెక్కా ఏమీ చెప్పదు. పిల్లలకు అది ప్రతి ఏడూ పాఠంగా చెబుతుంది. ఇప్పుడు ఆ ఒక్క మనిషి తన తల్లి.

"నాకెరుక లేదు చెల్లే," అంది.

* * *

అనుకున్న రోజున డాక్టరు కాలనీ బడికి వచ్చాడు. వాగొడ్డుపల్లి నుంచి పదిమంది ట్రాలీ ఆటోలో వచ్చారు. కాలనీ నుంచి తొమ్మిదిమంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే ఊది గోడవార కూర్చున్నారు. డాక్టరు ప్రతి పేరూ ఒక కార్డు మీద రాసి బల్ల మీద పెట్టాడు.

ప్రేమ్‌సాగర్, తాహేరా కలిసి కార్డులు పేర్చడం మొదలుపెట్టారు. మల్లిక దూరంగా పిల్లల బెంచీ మీద కూర్చుంది.

"ఒకరు తక్కువున్నరు గదా," అన్నాడు రఘుపతి. "సచ్చిపోయినామెను తీసేసి, అటు నుంచి గూడ ఒకర్ని తియ్యుండ్రి. సమానం అయితది."

ప్రేమ్‌సాగర్ ఫైలు లోంచి ఆ రోజు రాసుకున్న కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. "కారణం ఏదైనా, ఏ ఊరివాళ్లయినా అని రాసుకున్నాం. మీ సంతకం ఇది."

రఘుపతి ఆ కాగితం చూసి వెనక్కి తోశాడు.

తాహేరా సుక్కమ్మ కార్డు చేతిలోకి తీసుకుంది. పేరు కింద డాక్టరు అడ్డగీత గీశాడు. "ఈమెకు అంకె లేదు కదా?"

"అంకె అక్కర్లేదు మేడం," అన్నాడు ప్రేమ్‌సాగర్. "స్థానం ఉంటే చాలు." ఆ కార్డు తీసుకుని వరుసకు అట్టడుగున, మిగతావాటితో సమానంగా సర్ది పెట్టాడు. ఒక్క క్షణం దాని మీద చెయ్యి ఉంచాడు.

ఇరవై కార్డులు వరుసగా నిలిచాయి. కింది భాగంలో దాదాపు అన్నీ కాలనీ పేర్లే. కాలనీవాళ్లు ఇద్దరు మాత్రం పైవాళ్లలో కలిశారు. ఇరవై స్థానాల్లో పదిమంది కూర్చోగల రకాలు లక్షా ఎనభై నాలుగు వేలకు పైనే. వాటిలో ఇంత అధ్వాన్నమైనవి ఎన్నో ప్రేమ్‌సాగర్ ల్యాప్‌టాప్‌లో వేసి చూశాడు. వెయ్యిలో ఒకటి కూడా రాలేదు. లెక్కను తాహేరా వైపు తిప్పి, తన సంచి సర్దుకున్నాడు. బయటికి పోతూ మల్లిక ముందు ఆగాడు. తల వంచి వెళ్లిపోయాడు.

తాహేరా ఉత్తర్వు అక్కడే రాసింది. రఘుపతి ఫోన్ తీసి తన మనిషికి రెండు ముక్కలు చెప్పాడు.

కొంతసేపటికి గుట్ట మీద మిషన్ రాయిని నములుతూ నములుతూ ఆగిపోయింది.

"మా అక్క ఎన్నో స్థానం బిడ్డా?" అని గుర్వమ్మ మెల్లగా అడిగింది.

"అందరికన్నా కింద చిన్నమ్మా. వరుస ఆమె కాన్నుంచే మొదలు."

మిషన్ చప్పుడు లేని బడిలో గోడవార కూర్చున్నవాళ్ల ఊపిరి ఒక్కొక్కరిదీ విడివిడిగా వినిపించింది. కొందరిది నిమ్మళంగా, కొందరిది గురగురమంటూ. మల్లిక వింటూ కూర్చుంది. శ్రీదేవి వచ్చి ఆ పిల్లల బెంచీ మీదే, అక్కకు కాస్త ఎడంగా కూర్చుంది.